గోదాములో కురవబోయిన వాన

ఆధారం లేనిదే దేన్నీ నమ్మని మనిషినని నాకు పేరు. మొన్న ఆదివారం గుమ్మఘట్ట దగ్గర ఒక శెనక్కాయల గోదాములో ఆ పేరు కాస్తా పోయింది!

బెంగళూరు నుంచి వచ్చిన శైలజ అనే చిత్రకారిణి ఏడాదిపాటు ఒకే బీడును ఒకే చోట నిలబడి వీడియో తీసింది. రైతు ఓబులేసు గోదాములో మూడు తెరల మీద దాన్ని ప్రదర్శిస్తూ, చరిత్ర చదివేవాణ్ని గనక నన్నూ పిలిచింది. దీన్ని ఇన్‌స్టలేషన్ అంటారట.

గోదాము బయట ఓబులేసు కాయలు ఆరుతున్నాయి. ఈ ఏడు చేతికొచ్చిన పంట అంతా అదే. తడిస్తే బూజు పడుతుంది, కొనేవాడుండడు.

లోపల చీకటి. తెరల మీద బీడు. ఎంతసేపు చూసినా బీడే! తుమ్మకొమ్మ ఒకటి కదిలితే జనం "ఊగె, ఊగె" అన్నారు. నేను తెరకు వీపు తిప్పి, పక్కనున్న ఓబులేసుకు ఉపన్యాసం అందుకున్నాను.

"చూసిందల్లా నమ్మకూడదయ్యా. తలుపు తీస్తే ఇదే బీడు ఊరికే కనిపిస్తుంది కదా!"

"నిద్దరొస్తాండాది సార్, రోంత మెల్లగా మాట్లాడు," అన్నాడతను.

అంతలో పైరేకుల మీద టపటపా చినుకులు!

"ఓబులేసూ, వాన! కాయలు!" అని అరిచి నేనే ముందు తలుపు వైపు దూకాను. కాలికి ఏదో చుట్టుకుని ఊడివచ్చింది. ఆగి చూసే తీరిక ఎక్కడిది? జనమంతా నా వెనకే. నేనొక కొస, ఓబులేసు భార్య లక్ష్మీదేవి ఒక కొస పట్టుకుని కాయల మీద టార్పాలిన్ పట్ట కప్పేశాం. అప్పుడు తలెత్తి చూద్దును కదా, భగభగమని ఎండ!

"యాడప్పా వాన?" అంది లక్ష్మీదేవి.

ఊడిన ప్లగ్గు చేత్తో పట్టుకుని శైలజ గుమ్మంలో నిలబడింది. స్పీకర్లు రేకుల కింద కట్టిందట. ముందు చప్పుడు, ఆ తర్వాతే తెర మీద వాన. ఆ ఒక్క వాన కోసం ఏడాదంతా కాచుకుందట. నా కాలికి చుట్టుకుని ఊడింది ఆ వైరేనన్నమాట!

"పోనీలేమ్మా, ఆడినుంచే మళ్లా వేయి," అన్నాడు ఓబులేసు.

"మూడు తెరలూ కలిసి నడవాలి కదన్నా. మళ్లీ మొదటి నుంచే."

అంటే, మళ్లీ ఆ బీడంతా! ఇక ఎవరిళ్లకు వాళ్లు పోతారనుకున్నాను. ఒక్కరూ పోలేదు. వాన చూడాలని లోపలికి తోసుకుంటూ వెళ్లి ముందు వరసలు పట్టుకున్నారు.

"పట్ట తీసేద్దామా?" అని అడిగాను.

"ఉండనీ సార్. ఇంగోతూరి పరిగెత్తేకి నాతో కాదు," అంది లక్ష్మీదేవి.

ఓబులేసు నన్ను వైర్లకు దూరంగా ఒక మూల కూర్చోబెట్టాడు.

"ఏమప్పా సార్, మా తావ వాన నిలిచిపోయేకి శానా కారణాలు విన్నా. నువ్వొకడివి కొత్తగా వచ్చినావు. అది పడేదాకా కాళ్లు ముడుచుకోనుండు."

ముడుచుకున్నాను. నోరు కూడా.