సింహం పాదాల బల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుర్చీ అంటే ఒక్కటే, అది మా తాతయ్యది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మాది కిరాయి ఇల్లు. ఏదో నవాబుగారి దేవిడీ సామాను ఆబిడ్స్‌లో వేలం వేస్తుంటే ఆయన ముచ్చటపడి ఆ కుర్చీ తెచ్చుకున్నాడట. పొడుగాటి చేతులు, పేము అల్లిక, వీపు ఆనేచోట చెక్కిన తామరపువ్వు. తాతయ్య బయటికి వెళ్లినా అందులో ఇంకెవరూ కూర్చునేవాళ్లు కాదు. నాన్న చాప మీద, పిల్లలం నేల మీద. అమ్మ మాత్రం తాతయ్య ఇంట్లో ఉన్నంతసేపూ నిలబడే ఉండేది. మామగారి ఎదుట కోడలు కూర్చోకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. పొద్దుగూకేసరికి ఆమె పాదాలు వాచిపోయేవి. వాటికి కొబ్బరినూనె రాయడం నా పని.

తాతయ్య చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఈ కాలం పిల్లలు ఆయన మీద విరుచుకుపడతారు. కోడలంటే ఆయనకు ప్రాణం. సీతాఫలాలు తెస్తే మాగిన మొదటి పండు ఆమెకే. కానీ ఆమె నిలబడి ఉందన్న సంగతి ఆయన కంటికి ఆనేది కాదు. తలుపు నిలబడి ఉందని ఎవరైనా గమనిస్తారా, అలాగే.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వాళ్ల నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. ఇళ్లు, సామాన్ల నమూనాలు గీయడం నేర్పే కాలేజీలో చదివేది. ఆడపిల్లకు అదేం చదువని గల్లీ అంతా ముక్కున వేలేసుకుంది. అక్క నన్ను వెంటేసుకుని ఆబిడ్స్ అంతా తిప్పేది. ఈ కమానులు పర్షియా వైపు నుంచి వచ్చాయని, ఆ లావుపాటి స్తంభాలు గ్రీసు దేశపు గుళ్ల పోలికని, కిటికీల మీది ఛజ్జాలు మాత్రం మన ఎండకోసం కట్టినవని చెప్పేది. నాకు సగం అర్థమయ్యేది కాదు. మిఠాయి దుకాణం వచ్చేదాకా బుద్ధిగా తల ఊపుతూ నడిచేదాన్ని.

ఒక ఎండాకాలం సెలవుల్లో, దేశదేశాల కుర్చీలు గీసుకు రమ్మని అక్కకు కాలేజీలో పని ఇచ్చారు. పుస్తకాలు చూసి చాలా గీసింది. చివరికి తాతయ్య కుర్చీ కూడా గీస్తానని మా ఇంటికి వచ్చింది. తాతయ్య పొంగిపోయాడు. కాలేజీకి వెళ్లే బొమ్మ కదా, కండువా సర్దుకుని కూర్చోబోయాడు. అక్క వద్దంది.

"మీరు కూర్చుంటే అందరూ మిమ్మల్నే చూస్తారు తాతగారూ, కుర్చీని ఎవరు చూస్తారు? పిన్నిగారిలాంటి చిన్న మనిషి కూర్చుంటే కుర్చీ బాగా కనబడుతుంది."

పిన్నిగారంటే మా అమ్మే, అయినా చిన్న మనిషి అనగానే నేను ముందుకు దూకాను. అక్క నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. అమ్మ కాళ్లు చూడలేక వేసిన ఎత్తు అదని చాలా ఏళ్లకు తనే చెబితే గాని నాకు తెలియలేదు. తాతయ్య ఇరుకున పడ్డాడు. కాదంటే బొమ్మ ఆగిపోతుంది. గొంతు సవరించుకుని, వంటింటి వైపు చూడకుండానే, "జర వచ్చి కూసో బిడ్డా. పిల్ల సదువు పని గదా," అన్నాడు.

అమ్మ కొంగు తల మీదికి లాక్కుని వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంటే అక్క వెనక్కి జరగమంది. జరిగింది. అప్పుడు మేమంతా చూశాం, ఆమె కాళ్లు నేలకు ఆనలేదు. ఎవరో ఆజానుబాహువు కోసం చేసిన కుర్చీ అది. ఇద్దరు పిల్లల తల్లి, బడిపిల్లలాగా పాదాలు వేలాడేసుకుని కూర్చుంది. ఆ వాచిన పాదాలు మొదటిసారి తాతయ్య కళ్లకు ఎదురుగా వచ్చాయి.

అక్క వంటింట్లోంచి పీట తెచ్చి అమ్మ కాళ్ల కింద పెట్టింది. గీసుకుంటూ కబుర్లు మొదలుపెట్టింది. ఈజిప్టు రాజుల కాళ్ల కింద కూడా ఇలాగే పీట ఉండేదట, వాళ్ల కుర్చీలకు సింహం పాదాలు చెక్కేవారట. యూరప్‌లో ఒకప్పుడు చేతుల కుర్చీ ఇంటి యజమానికే, మిగతావాళ్లకు బల్లలూ పెట్టెలూనట. చైనావాళ్లు మనలాగే చాపల మీద కూర్చుని కూర్చుని మెల్లగా కుర్చీలకు అలవాటుపడ్డారట, జపానువాళ్లకు మాత్రం చాపే మర్యాదట. ఆఫ్రికాలో ఒకచోట ఎవరి పీట వాళ్లదే, మనిషి లేచి వెళ్తే దాన్ని పక్కకు వాల్చి పెడతారట. ఇవన్నీ చెప్పి, పెన్సిల్ చెక్కుకుంటూ మామూలుగా ఒక మాట అంది. "ఏ కుర్చీ అయినా ఎవరో ఒకరి కాళ్లు కొలిచి చేసిందే తాతగారూ. మిగతావాళ్లు దాంట్లో సర్దుకుంటారు."

తాతయ్య చాలాసేపు ఆ పీట వైపే చూశాడు. బొమ్మ అయిపోయి అమ్మ లేవబోతే, "కూసో" అన్నాడు. తర్వాత అక్కతో, "ఆమె కాలు గూడ కొల్వమ్మా," అన్నాడు. అక్క టేపు తీసి అమ్మ అరికాలి నుంచి మోకాలి వెనకదాకా కొలిచింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వుతున్నట్టు కళ్లలో తెలిసిపోతోంది. అంత సంతోషంగా నేను ఆమెను తక్కువసార్లే చూశాను.

వారం తిరక్కుండా తాతయ్య ఎక్కడో కూల్చిన ఇంటి టేకు తలుపు ఒకటి సంపాదించి, గల్లీ చివరి వడ్రంగికి అప్పగించాడు. కోడలి కుర్చీకి సింహం పాదాలు ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ వడ్రంగి సింహాన్ని ఎన్నడు చూశాడో ఏమో, అచ్చం పిల్లి పాదాలు చెక్కాడు. నేను రోజూ వెళ్లి చూసి, ఎంతవరకు వచ్చిందో అమ్మకు చెప్పేదాన్ని. నాలుగు కాళ్లూ అమ్మ కొలతకు తయారయ్యాయి. పైన పలక, వీపు మిగిలాయి.

అంతలో బడులు తెరిచారు. నేను నేల మీద బోర్లా పడి రాసుకుంటుంటే అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. "పిల్ల వంగి వంగి గూనిదైతున్నది మామా. గా కట్టెతోని దానికి బల్ల చేపియ్యున్రి. నాకెందుకు కుర్చీ, నేనెప్పుడు కూసుంట?" అంది. తాతయ్య ఒప్పుకోలేదు, రెండూ చేయిద్దామన్నాడు. కట్టె ఒక్కదానికే వస్తుందని ఇద్దరికీ తెలుసు. "ముందుగాల దానిది కానియ్యున్రి. నాది తర్వాత," అంది అమ్మ.

అలా ఆ నాలుగు కాళ్ల మీదికి నా బల్ల పలక వచ్చింది. నేల మీద బాసింపట్టు వేసుకుని రాసుకోవడానికి సరిగ్గా సరిపోయింది. నేను గంతులేసి గల్లీ పిల్లలందర్నీ పిలిచి చూపించాను. పక్కింటి అక్క వచ్చి చూసి, బాగుందని కూడా అనకుండా వెళ్లిపోయింది. అక్కకు అసూయ అనుకున్నాను.

అమ్మ అన్న ఆ 'తర్వాత' మాత్రం రాలేదు. తమ్ముడికి మంచం, ఇంటికి బీరువా, ప్రతిసారీ ఏదో ఒకటి ముందు నిలబడింది. తాతయ్య మంచాన పడ్డాక ఒకరోజు, "నీ కుర్చీ ఉండిపాయె బిడ్డా," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకున్రి మామా," అంది అమ్మ, ఆయన పక్కన నిలబడి.

తర్వాత మా చేతుల్లోకి నాలుగు రూపాయలు వచ్చాయి, కుర్చీలూ సోఫాలూ వచ్చాయి. అమ్మ దేంట్లో కూర్చున్నా కాళ్లు పైకి మడుచుకునే కూర్చునేది. పాత అలవాటు ఎక్కడికి పోతుందని మేం నవ్వేవాళ్లం. ఆమె కూడా మాతో నవ్వేది.

అమ్మ పోయి చాలా కాలమైంది. మొన్న నా మోకాళ్ల కోసం మంచి కుర్చీ ఒకటి కొందామని నాంపల్లిలో ఒక దుకాణానికి వెళ్లాను. వయసుతో నేను కూడా కుంగిపోయాను కదా, కూర్చుంటే కాళ్లు నేలకు అందలేదు. "స్టాండర్డ్ సైజ్ మేడం, అందరికీ సెట్ అయితది," అన్నాడు దుకాణం అతను. "ఎవరి స్టాండర్డు నాయనా?" అని కసిరాను. పాపం, అతను బిత్తరపోయాడు. నేను మాత్రం వేలాడుతున్న నా పాదాలనే చూస్తూ ఉండిపోయాను. అవి అచ్చం అమ్మ పాదాలు. అమ్మది పాత అలవాటు కాదు, ఆమెకు ఎక్కడా నేల అందలేదు, అందుకే మడుచుకుంది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆ రోజు అక్క నేర్పింది ఇన్నాళ్లకు నా తలకెక్కింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు కూర్చున్నా ముందు వాళ్ల పాదాలు చూస్తాను, ఆనకపోతే పీట వేస్తాను. మా అమ్మకు మాత్రం వేయలేకపోయాను.

మొన్న దుకాణం నుంచి ఉత్త చేతులతో ఇంటికొచ్చి, మూలనున్న నా పాత పిల్లిపాదాల బల్ల మీది పుస్తకాలు దింపి దాని మీద కూర్చున్నాను. నా పాదాలు రెండూ నిండుగా నేలకు ఆనాయి.