బావమరిది మాళా మీది పాత ల్యాప్‌టాప్

మాఘమాసం, చివరి ఆదివారం. మా గదికి సరిగ్గా ఎదురుగదిలో ఉండే నా భార్య తమ్ముడు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చాడు. పెట్టెను తన గదిలోనే విప్పుకోవచ్చు. అలా చేయలేదు. అంతస్తు జనమంతా తిరిగే నడవలో, నా గడప ముందర విప్పి, కొబ్బరికాయ కొట్టి, పేడాలు పంచాడు. నాకు అందరికన్నా చివర అందింది. అదీ విరిగిన పేడా.

ఫాల్గుణం, రెండో బుధవారం. కుళాయి నీళ్లు రావడం లేదని వార్డు ఆఫీసుకు పంపిన అర్జీ అతని మిషన్ మీద తయారైంది. ముప్పై ఏళ్లుగా ఈ అంతస్తు అర్జీలన్నీ నేనే రాశాను. ఈసారి నా దగ్గరికి సంతకం కోసం వచ్చారు, పదకొండోవాడిగా.

చైత్రం, ఉగాది మరునాడు. మూలగది ముసలమ్మ పింఛను కాగితం రాయించుకోవడానికి అతని గదికి వెళ్లింది. నాకు వినబడకూడదని చెప్పులు చేత పట్టుకుని నా గడప దాటింది. తలుపు సందులోంచి చూశాను.

వైశాఖం, మూడో శుక్రవారం. కరివేపాకు తెస్తానని వెళ్లిన నా భార్య, బ్యాంకు కాగితం ఒకటి తమ్ముడి దగ్గర ప్రింటు తీయించుకుని వచ్చింది. కరివేపాకు తేలేదు.

జ్యేష్ఠం, పౌర్ణమి. సంఘం పెద్దలు నడవలో నన్ను నిలబెట్టి చెప్పిన మాట: "ఆషాఢానికి నీ మిషన్ నడిస్తే బోనాల పట్టీ నువ్వే తియ్యి. నడవకుంటే మీ బామ్మర్దితోని తీపిస్తం."

ఇవన్నీ నా నోటు పుస్తకంలో జరిగిన రోజునే రాసుకున్నవి. ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాశాను. నేను కట్టడం పనుల దగ్గర మస్టరు గుమాస్తాగా బతికినవాణ్ని. మా తాత ఈ నగరానికి రాళ్లు మోశాడు, మా నాన్న గోడలు కట్టాడు, నేను పొద్దున్నే గేటు దగ్గర కూర్చుని కూలీలు వచ్చిన వరుసలో పేర్లు రాశాను. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న విషయంలో నా పుస్తకం తప్పిన రోజు లేదు.

బోనాల పట్టీ అంటే అదే పని. కామాటిపురలో ఒంటిగదులు వరుసగా ఉండే మా చాల్ వాళ్లు ఆషాఢంలో పోచమ్మకు బోనాలు ఎత్తినప్పుడు, పాలమూరు నుంచి ఏ ఇల్లు ముందు వచ్చి ఈ సందులో దిగిందో ఆ ఇంటి కుండ ముందు నడవాలి. గది నంబరుకూ దానికీ సంబంధం లేదు. మధ్యలో గదులు మారినవాళ్లున్నారు, విడిపోయిన అన్నదమ్ములున్నారు, కూతురికి గది రాసిచ్చి తాము ధారావికి వెళ్లినవాళ్లున్నారు. ఆ వరుస నాకు నోటికి వచ్చు. కానీ నోటిమాటకు మా ఆడవాళ్లు లొంగరు. గోడకు కాగితం అంటిస్తేనే నమ్ముతారు. కాగితం లేని ఒక ఏడాది ఇద్దరు తోడికోడళ్లు గుడి మెట్ల దగ్గర కుండలు దించి, "అది ముందు నడిస్తే నేను ఇక్కడ్నే కూసుంట" అని కూర్చున్నారు. డప్పు కొట్టేవాళ్లు అలసిపోయి చాయ్ తాగడానికి వెళ్లారు.

చేత్తో రాయవచ్చు కదా అని సంఘం పెద్దలు అడిగారు. రాశాను, నిరుడు మిషన్ మొరాయించినప్పుడు. నా చెయ్యి వణుకుతుంది. గోడ మీది కాగితం చూసి ఒకామె, "ఇవి అక్షరాలా పెద్దాయనా, చీమలా?" అంది. అప్పటి నుంచి నాకు ల్యాప్‌టాప్ ఒక్కటే చెయ్యి.

ఆ చెయ్యే ఇప్పుడు విరిగింది. తెరను పట్టుకునే బందు ఊడిపోయి, గోధుమల డబ్బాకు ఆనిస్తే తప్ప తెర నిలబడదు. నిలబడ్డా సగం నల్లగా ఉంటుంది. మీటల్లో తొమ్మిది పనిచేయవు. నిజం చెప్పాలంటే పది, పదోది గట్టిగా గుద్దితే పలుకుతుంది.

ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక ఇరుకు మెట్ల పైన ఇలాంటివి బాగుచేసే మిస్త్రీ ఉన్నాడు. మూడుసార్లు వెళ్లాను. అతను దాన్ని విప్పి, లోపలి దుమ్ము ఊది, హిందీలో చెప్పింది ఇది: "ప్రాణం ఉంది చాచా. మీ రాతలన్నీ లోపల భద్రంగా ఉన్నాయి. పోయింది ఒళ్లే. తెర, బందు, మీటల పలక కావాలి. ఈ రకానివి కంపెనీ ఆపేసి చాలా కాలమైంది. ఇలాంటిదే చచ్చిన మిషన్ ఇంకోటి తెచ్చివ్వండి, రెండింట్లోంచి ఒకటి లేపుతాను."

ధారావిలో పాత కంప్యూటర్లు విప్పి ప్లాస్టిక్ ఒక పక్క, ఇనుము ఒక పక్క కుప్పలు పోసే కొట్లు ఉన్నాయి. ఒక పూటంతా ఆ కుప్పల ముందు కూర్చుని మీటల పలకలు ఒక్కొక్కటే తీసి కొలిచాను. ఒకటి పొడవు తక్కువ, ఒకటి వెడల్పు ఎక్కువ. ఒక్కటీ కుదరలేదు. కొట్టువాడు విసిగి, "కొత్తది కొనుక్కో బాబా, నీ వయసుకు ఇది సరిపోతుందా?" అన్నాడు. నా వయసుకు ఏది సరిపోతుందో అతను ఎలా నిర్ణయించాడో అడగకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నా భార్య అంది: "ఊరంతా ఎందుకు తిరుగుతున్నవ్? అసొంటిదే మా తమ్ముని మాళా మీద పడి ఉన్నది గద."

మాళా అంటే మా గదుల్లో తల పైన కట్టుకునే అటక. ఆమె చెప్పింది నాకు తెలియని విషయం కాదు. తెలిసే ధారావికి వెళ్లాను. ఆ రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే రకానివి కొన్నాం. రెండింటి మీటల మీదా తెలుగు అక్షరాలు చిన్న చిన్న కాగితాలపై రాసి అంటించింది నేను. అప్పుడు నా చెయ్యి వణికేది కాదు. ఏ వేలు ఏ మీట మీద ఉండాలో, అర్జీ ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ 'విన్నవించుకుంటున్నాను' అనాలో, ఎక్కడ 'కోరుతున్నాను' అనాలో అతనికి నేర్పింది నేను.

"పోయి అడుగు," అంది నా భార్య.

"అడగను."

"అడిగితే ఏమైతది? నోరు అరుగుతదా?"

మా ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. అల్లుడు అత్తగారింట నోరు తెరిచి వస్తువు అడగడు. వాళ్లే కనిపెట్టి, తాంబూలంతో చేతిలో పెట్టాలి. అలా పుచ్చుకుంటే మర్యాద. అడిగి పుచ్చుకున్నవాడు ఆ ఇంటికి బతికినంత కాలం అలుసు. మా అత్తమామలు లేరు. ఇప్పుడు నాకు అత్తగారిల్లు అంటే ఆ ఎదురుగదే.

కాబట్టి అతనికి కనిపెట్టే అవకాశం ఇచ్చాను. మూడు సాయంత్రాలు నడవలో స్టూలు వేసి, విరిగిన మిషన్‌ను గోధుమల డబ్బాకు ఆనించి, అతని తలుపు వైపు తిప్పి కూర్చున్నాను. మొదటి రోజు నవ్వి వెళ్లిపోయాడు. రెండో రోజు నవ్వనూ లేదు. మూడో రోజు ఆగాడు.

"ఏంది బావా, వడియాల లెక్క ఎండబెట్టినవ్?"

నడవలో బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్లు పకపకమన్నారు.

"దాన్ని ఇగ వదిలెయ్ బావా. పట్టీ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి ఇయ్యి, నా దాంట్ల పెట్టుకుంట. నువ్వు పక్కకు కూసొని చెప్పు, నేను కొడుత. గది నంబర్ల వరుస పెడితే ఒక్క నిమిషం పని."

"గది నంబర్లా? పోచమ్మ గది నంబరు చూసుకుని వచ్చిందా ఇక్కడికి?"

"గుస్సా ఎందుకు బావా? మంచిదే చెప్తున్న. చాయ్ తాగుతవా?"

"ఇప్పుడే తాగిన."

తాగలేదు. ఆ పూట మా ఇంట్లో పాలు విరిగాయి.

నేను చెప్పాలి, అతను కొట్టాలి! మస్టరు పుస్తకం ఇంకొకడి చేతిలో పెట్టి పక్కన నిలబడి పేర్లు పలికే గుమాస్తాను నేను ఎక్కడా చూడలేదు. అయినా నా కోపం ఆ మాట దగ్గరే ఆగి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు.

తర్వాతి మంగళవారం నా భార్య చింతచిగురు పప్పు గిన్నె చేతికిచ్చి ఎదురుగదికి పంపింది. అతను లేడు. కిందికి గ్యాస్ బండ కోసం వెళ్లాడని పక్కవాళ్లు చెప్పారు. కొత్త మిషన్ తెరిచి ఉంది. తెర నిండుగా, ఒక్క నల్ల మచ్చ లేకుండా వెలుగుతోంది. ఒక మీట మీద వేలు పెట్టాను. చప్పుడు లేకుండా దిగింది. తెర మీద ఉన్నది ముసలమ్మ పింఛను కోసం మళ్లీ పంపుతున్న అర్జీ.

నిలబడే చదివాను. ఎక్కడైనా తప్పు దొరుకుతుందని చదివాను. మొదలు నేను నేర్పినదే. 'విన్నవించుకుంటున్నాను' సరైన చోటే ఉంది. చివర మాత్రం నేను నేర్పని వాక్యం ఒకటి ఉంది: "నాకు చూపు తగ్గినందున, దయచేసి జవాబును పెద్ద అక్షరాలతో పంపవలసిందిగా కోరుతున్నాను."

ఆ ముసలమ్మకు ఇరవై ఏళ్లు అర్జీలు రాశాను. జవాబు వస్తే చదవగలవా అని ఒక్కసారి కూడా అడగలేదు. పప్పు గిన్నె గ్యాస్ పొయ్యి పక్కన పెట్టి వచ్చేశాను. మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఎవరైనా నా చెప్పులు ఎత్తుకుపోయినా అంత మండేది కాదు.

నేను అన్నం తినకపోవడం చూసి నా భార్య ఒక మాట అంది. "నీకు వాడంటే కుళ్లు." నోటు పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాను. కాదని చెప్పడానికి ఆధారం దొరకలేదు. అతని తలుపు ముందు ఏ రోజు ఎన్ని జతల చెప్పులు ఉన్నాయో కూడా నేను రాసిపెట్టి ఉన్నాను. ఆ పేజీ ఆమెకు చూపించలేదు.

కుళ్లు ఉన్నంత మాత్రాన వరుస మారదు. పట్టీ అతనికి ఇస్తే గది నంబర్లు నడుస్తాయి, ముందొచ్చిన ఇళ్లు వెనక్కి పోతాయి. ఆషాఢం మొదటి ఆదివారానికి పన్నెండు రోజులుంది. విడిభాగాలు ఉన్నది ఒక్క చోటే. అల్లుడు నోరు తెరిచి అడగకూడదన్నారు గానీ, కాగితం గురించి మా పెద్దలు ఏమీ అనలేదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని, వణికే చేత్తోనే ఒక ఉత్తరం రాసి కవరులో పెట్టాను.

"మూడడుగుల దూరానికి టపానా!" అని నా భార్య నుదురు కొట్టుకుంది. నేనే వెళ్లి అతని తలుపు కింద నుంచి తోశాను. దాని నకలు ఇది.

"ఎదురుగది నివాసి, నా బావమరిది గారికి.

విషయం: మీ మాళా మీద వాడకుండా ఉన్న ల్యాప్‌టాప్.

నా మిషన్ బాగు కావడానికి పై వస్తువులోని తెర, బందు, మీటల పలక అవసరమని ఫాక్‌లాండ్ రోడ్డు మిస్త్రీ నిర్ధారించారు. సదరు మీటల పలక మీద ఉన్న అక్షరాలు నా చేతిరాత అని మీకు తెలుసు. ఆ మూడు భాగాలు తీసుకున్నాక మిగిలినది మీకు తిరిగి అప్పగిస్తాను. బోనాల పట్టీ అడుగున మీ సహాయాన్ని పేర్కొంటాను, చిన్న అక్షరాలతో. మీరు ముసలమ్మ గారికి రాసిన అర్జీ చదివాను. అందులో దిద్దవలసింది లేదు.

ఇస్తారా, ఇవ్వరా అన్నది రాబోయే గురువారం సాయంత్రంలోగా తెలియజేయాలి. ఇవ్వని పక్షంలో కారణం రాయాలి. నడవలో చెప్పిన మాట, చాయ్ దగ్గర చెప్పిన మాట, మీ అక్కయ్య ద్వారా పంపిన మాట జవాబుగా స్వీకరించబడవు. మీ జవాబును తేదీ వేసి, సంతకం చేసి, మీరే స్వయంగా నా చేతికి లిఖితపూర్వకంగా అందించవలసిందిగా కోరుతున్నాను."