ఆవిరి విడిచే కుప్ప

చలికాలం పొద్దున పత్తిగింజలు కొందామని ఆదిలాబాద్‌లో పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లుకు వెళ్తే, గింజల కుప్ప పొగలు కక్కుతోంది. ముందురోజు దయ్యాల వీడియోలు తీసేవాళ్లొచ్చి, జ్వరం చూసే మీటరు పెట్టి, అది మనిషి ఒంటంత వేడి చూపించగానే లోపల ఆత్మ ఉందని తేల్చారట. కూలీలు దగ్గరికి పోవడం లేదు. దుకాణంలో పెరిగినవాణ్ని కదా, దయ్యం పట్టిన సరుకు చవగ్గా వస్తుందని లోలోపల మురిసిపోయాను.

కూలీలలో పెద్దదైన లక్ష్మవ్వ పార పట్టుకుని మండిపడుతోంది. "దయ్యం లేదు, గియ్యం లేదు! తడి గింజలకు కాక పుట్టింది. ఇయ్యాల తిరగెయ్యకుంటె లోపల్నే మాడిపోతయ్. సేటూ, జర నువ్వన్న చెయ్యి పెట్టి చూడు!"

"నేనా?"

"మరి బేరం నోటితోనే చేస్తవా?"

కూలీలు నవ్వారు. పరువు కోసం మోచేతిదాకా పెట్టాను. జ్వరమొచ్చిన బిడ్డ పొట్టలా వెచ్చగా ఉంది. నిప్పు లేదు, ఎండ లేదు. నేను సరుకనుకున్న గింజలు బతికే ఉన్నాయి, ఊపిరి పీలుస్తున్నాయి.

నా చెయ్యి క్షేమంగా బయటికి రావడం చూసి అందరూ పారలు అందుకున్నారు. కుప్ప విచ్చుకోగానే తెల్లటి ఆవిరి రేకుల కప్పుదాకా లేచింది.

బేరంలో ధర వినగానే, అమ్మో అంతా అన్నట్టు నోరెళ్లబెట్టడం మా ఇంటి విద్య. ఆ పొద్దున ఎవరూ ధర చెప్పకముందే నా నోరు తెరుచుకుంది.