మిత్రుడు చేయించిన పెళ్లి

మా పెళ్లికి పంతులు లేడు. నేనే వద్దన్నాను. మా నాన్న గుంటూరు జిల్లాలో దండల పెళ్లిళ్లకు అధ్యక్షత వహించేవారు. వేదిక మీద నాలుగు కుర్చీలు, మైకు, రెండు దండలు, వధూవరుల ప్రమాణం, పెద్దల ప్రసంగాలు, చప్పట్లు. అంతటితో పెళ్లయిపోయేది. ఆ జంటలన్నీ పిల్లాపాపలతో చక్కగా కాపురాలు చేసుకున్నాయి కాబట్టి అవి చట్టానికి నిలుస్తాయా అని ఎవరికీ అడిగే అవసరం రాలేదు. నాకూ అలాంటి పెళ్లే కావాలని చిన్నప్పటి నుంచీ పట్టుదల.

తొంభైల చివర్లో కొండాపూర్ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేదాన్ని. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుగా లెక్కించకుండా పాత ప్రోగ్రాములు దిద్దే పని. బయట కొత్త భవనాల కోసం బండలు పేలుస్తుంటే మా కిటికీలు గడగడలాడేవి. నేను పెళ్లి చేసుకోబోయే మనిషిదీ అదే ఆఫీసు, కడపవాడు. కులం వేరని వాళ్లింట్లో ఒప్పుకోలేదు, మేమూ వాళ్ల కోసం ఆగలేదు.

మా ఇద్దరికీ ఒక మిత్రుడు ఉండేవాడు. లింగంపల్లివాడు. లా చదివి కంపెనీ ఒప్పందాల కాగితాలు చూసేవాడు. నన్ను "చెల్లె" అనేవాడు. తోడబుట్టినవాళ్లు లేని నాకు ఆ పిలుపు వింటే చాలు, మనసు వెన్నలా కరిగిపోయేది. నాన్న అప్పటికే పోయారు. అందుకని మా పెళ్లి చేయించమని అతన్నే అడిగాను.

క్యాంటీన్‌లో మా ఇద్దర్నీ కూర్చోబెట్టి శ్రద్ధగానే చెప్పాడు.

"జర ఇను చెల్లె. ఉత్తగ నేను మైకుల మాట్లాడితే పెండ్లి గాదు. ముందుగాల రిజిస్ట్రార్ ఆఫీసుల నోటీసియ్యాలె. నెల రోజులు గోడకు పెడ్తరు, ఎవలన్న అడ్డం జెప్తరేమోనని. అటెన్క ఆఫీసరు, ముగ్గురు సాక్షులు ఉంటే సాలు. ఆయన్ను హాలుకే పిలుస్కుందాం. ఆయన కుర్చీల కూసుంటడు, నేను మాట్లాడ్త, మీరు ఆయన ముంగట ప్రమాణం జేస్తరు."

నాకు సంతోషం పట్టలేదు. నాన్న పద్ధతీ నిలుస్తుంది, చట్టమూ ఒప్పుకుంటుంది. "నెల కాకపోతే రెండు నెలలు ఆగుదాం, నాకేం తొందర?" అన్నాను. మావాడు టీ తాగుతూ "సరేలే" అన్నాడు.

కొన్నాళ్లకు మిత్రుడు నా సీటు దగ్గరికి వచ్చాడు. "నోటీసు గిట్ల ఇప్పుడేం వద్దు చెల్లె. ముందు పెండ్లి గానీ, అటెన్క రిజిస్టర్ జేపిద్దాం. చట్టంల గట్ల గూడ ఉన్నది. నువ్వు ఫికర్ జెయ్యకు, నేనున్న గదా."

లా చదివినవాడు, అన్న అనుకున్నవాడు అంత భరోసాగా చెబుతుంటే ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

హఫీజ్‌పేట్‌లో ఒక చిన్న హాల్లో పెళ్లి జరిగింది. మిత్రుడు అద్భుతంగా మాట్లాడాడు, మా నాన్న గురించి చెప్పి నన్ను ఏడిపించాడు. మాచేత ప్రమాణం చేయించి, "ఇయ్యాల్టి నుంచి వీళ్లు భార్యాభర్తలు" అని ప్రకటించాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది.

రిజిస్ట్రేషన్ మాటెత్తినప్పుడల్లా నా భర్తకు ఏదో ఒక అడ్డం వచ్చేది. సెలవు దొరకదు, ప్రాజెక్టు ముగియదు, ఒంట్లో బాగుండదు. మిత్రుణ్ణి అడిగితే "అయితది తియ్ చెల్లె" అనేవాడు. ఏడాది దాటింది. ఒకసారి నా భర్త కడప వెళ్లొచ్చి, ఇంట్లోవాళ్లు తనకు సంబంధం చూశారనీ, తాను ఒప్పుకున్నాననీ చెప్పాడు.

"మరి నేనెవర్ని?" అన్నాను.

"మనది పెండ్లే కాదు. చట్టంలో యాడుంది అది? ఎవుర్నన్నా అడుక్కోపో." గొంతు కూడా పెంచలేదు. ఆఫీసులో ప్రోగ్రాములో తప్పు చూపించేటప్పుడు కూడా అలాగే మాట్లాడేవాడు.

అడిగాను. ఒక లాయరమ్మ ఓపిగ్గా విని, "హోమం చేశారా? ఏడడుగులు నడిచారా? మీ ఇళ్లల్లో ఆచారంగా వచ్చే తంతు ఏదైనా జరిగిందా?" అంది.

"ప్రసంగాలు జరిగాయండి" అన్నాను. వినడానికి నాకే ఎంత అసహ్యంగా ఉందో!

"తంతూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు, ఆ పెళ్లి చట్టానికి నిలవదు. నిలవనప్పుడు అతను రెండోది చేసుకున్నా నేరం కాదమ్మా" అంది.

అక్కణ్ణుంచి నేరుగా లింగంపల్లి వెళ్లాను. మిత్రుడు నన్ను చూడగానే కుర్చీ వేశాడు. వాళ్లమ్మ టీ ఇచ్చి లోపలికి వెళ్లింది.

"వాడే వద్దన్నడు చెల్లె" అన్నాడు, నేను అడగకముందే. "నోటీసు పెడ్తే కడపల తెలుస్తదన్నడు. రేపు ఇంట్లోళ్లు గట్టిగ పట్టుకుంటే తనకొక దారుండాలె గదా అన్నడు. నీకు జెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్నడు. దోస్తు గదా, కాదనలేకపోయిన."

నా మెడలో దండ పడేటప్పటికే వాడు బయటికి దారి చూసుకున్నాడు. అది తెలిసే ఇతను మైకు పట్టుకుని మా నాన్న పేరెత్తి నన్ను ఏడిపించాడు. వాడికంటే ఇతని మీదే నాకు కోపం ఎక్కువొచ్చింది. వాడు తన దారి తాను చూసుకున్నాడు, ఇతను నన్ను చెల్లె అంటూనే వాడికి కాపలా కాశాడు.

అయినా ఆశ చావలేదు. "కేసు వేస్తాను. ఆ రోజు ఏం జరిగిందో వచ్చి చెబుతావా అన్నయ్యా?" అన్నాను.

"చెప్త. అబద్ధమైతే ఆడను." ఎంతో నెమ్మదిగా అన్నాడు, "కానీ కోర్టుల అడిగితే, నేను జేసింది పెండ్లి గాదనే జెప్పాలె గదా చెల్లె."

ఆ నిజం చెప్పడానికి అతనికి ఏడాదికి పైగా వ్యవధి ఉంది. టీ అక్కడే వదిలేసి, ఇంకెప్పుడూ నన్ను చెల్లె అనొద్దని చెప్పి లేచి వచ్చేశాను.