డబ్బాలో వెండెల్ వాటా

వెండెల్ స్టానెక్ రీనోలో ఇరవై ఆరేళ్లు లిఫ్టులు బాగుచేశాడు. యాభై నాలుగో ఏట ఆ పని మాని కాసినోల్లో బ్లాక్‌జాక్ అనే పేకాట బల్లల ముందు కూర్చున్నాడు. వెళ్లిపోయిన ముక్కల్ని లెక్కపెట్టుకుంటూ, మిగిలినవాటిలో పెద్ద ముక్కలు ఎక్కువున్నాయని తేలినప్పుడే పందెం పెంచేవాడు. తాగడు, కోపం తెచ్చుకోడు, లెక్క తప్పడు. అయినా మార్చికల్లా వంటింటి బిస్కెట్ డబ్బాలోని పన్నెండు వేల డాలర్లు ఆరువేల అరవై అయ్యాయి. ఎలా అయ్యాయో అతనికి అంతుపట్టలేదు.

డబ్బా ఆరు వేలకు దిగితే ఆ సొమ్ము ఇంటి కప్పు వేయించడానికి, వెండెల్ మళ్లీ లిఫ్టుల పనికి. మొదటిరోజే భార్య మైటెకి మాటిచ్చాడు. లిఫ్టుల మేస్త్రీ శుక్రవారం దాకా అతని ఉద్యోగం ఖాళీగా ఉంచుతానన్నాడు. ఇవాళ గురువారం.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మైటె ఒక్కో ముక్కా తిప్పుతుంటే అతను లోపల్లోపల లెక్క కడుతున్నాడు.

"సున్నా," అన్నాడు చివరి ముక్కకి. చిన్న ముక్కకి ఒకటి కలిపి, పెద్ద ముక్కకి ఒకటి తీసేస్తూ పోతే కట్ట అయిపోయేసరికి సున్నాయే రావాలి. వచ్చింది. "ఇంకోసారి తిప్పు."

"నాలుగుసార్లయింది వెండెల్! నీ సున్నాతో నా కడుపు నిండదు. బీన్స్ చల్లారిపోతున్నాయి."

"తప్పు లేదు కదా మరి. డబ్బెక్కడికి పోయినట్టు?"

"కాసినోకి. దానికింత పరిశోధనా?"

అతను కాగితం ఆమె ముందుకు జరిపాడు. "చూడు. నాకు నూటికి ఒకటి అనుకూలం అనుకో. దాన్ని ఆట ఊగిసలాటతో, అంటే ఒకటింబావుతో భాగించాలి. డబ్బాలో నూటికి అంత పెట్టొచ్చు, నేను అందులో సగమే పెడతాను, భయానికి. పన్నెండు వేలకి నలభై ఎనిమిది డాలర్లు. డబ్బా తగ్గితే పందెమూ తగ్గుతుంది. ఇలా ఆడితే ఎనిమిదిమందిలో ఒక్కడికే సగం పోతుంది."

"ఆ ఒక్కడూ నాకే దొరికాడు."

"నవ్వకు. సగం పోయినా మిగతా సగంతో కోలుకోవచ్చు, అదే ఇందులో సుఖం."

మైటె గరిటె ఆపింది. "మిగతా సగం నాది కదయ్యా."

"అదే, డబ్బాలో..."

"డబ్బాలో ఉంటే నీదవుతుందా? కప్పు డబ్బులు కూడా కలుపుకుని లెక్కలేశావా ఇన్నాళ్లూ?"

వెండెల్ కాగితం మళ్లీ చూసుకున్నాడు. పన్నెండు వేలున్నప్పుడు పోగొట్టుకునే హక్కున్నది ఆరు వేలే. ఎనిమిది వేలయినప్పుడు రెండే. తన వాటా కరిగిపోతుంటే పందెం మాత్రం మొత్తం డబ్బాని చూసుకుని ధీమాగా ఉండిపోయింది. భయానికి సగం చేశాననుకున్నది తన ఆరు వేలకి మొదట్లోనే నిండు వంతు, పోనుపోను అంతకన్నా ఎక్కువ. కాగితం తిప్పి, తనకి మిగిలిన అరవై డాలర్లకి పందెం లెక్క కట్టాడు. ఇరవై నాలుగు సెంట్లు. ఏ బల్ల మీదా అయిదు డాలర్లకి తక్కువ తీసుకోరు.

అయినా అరవై జేబులో వేసుకుని వెళ్లాడు. మూడు గంటలకి ఆట నడుస్తున్న బల్ల దగ్గర ఖాళీ కుర్చీ వెనక నించుని లెక్క చూశాడు. పెద్ద ముక్కలు చాలావరకు ఇంకా పంచని కట్టలోనే ఉన్నాయి. నూటికి రెండు అనుకూలం. ముక్కలు పంచే లోరీన్ అతన్ని ఎరుగును.

"కూర్చోవేం మామా? కుర్చీకి మేకులున్నాయా?"

అతని పద్ధతి నలభై ఎనిమిది సెంట్లు పెట్టమంటోంది. చెయ్యి జేబు వైపు వెళ్లబోయింది. కూర్చున్నా తప్పే, వెళ్లినా తప్పే అనిపించింది. ఇంత మంచి లెక్క రెండు నెలల్లో రాలేదు.

"వస్తా లోరీన్," అన్నాడు.

కాసినో గుమ్మంలోని ఫోన్ నుంచి మేస్త్రీకి పనిలోకి వస్తానని చెప్పి, ఇంటికొచ్చి అరవై డాలర్లూ డబ్బాలో వేశాడు.

"మైటె, నాది తప్పా? లేక కలిసిరాలేదా? తప్పు లేకపోయినా ఆ ఎనిమిదో వాణ్ణి నేనే అయ్యుండొచ్చు కదా?"

"రెండూనేమో. నాకేం తెలుసు?" ఆమె పెరటి నిచ్చెన తెచ్చి గోడకి ఆనించింది. "కప్పు కొలతలు తీసుకోవాలి, పట్టుకో."

అతను పట్టుకున్నాడు, పెదాలు కదుపుతూ. ఎనిమిదిమందిలో ఒక్కడి లెక్క మళ్లీ కడుతున్నాడు.