మంగళవారం ఖాళీ కాని మంచం

సైన్యంలో నర్సుగా చేసి వచ్చాక, కొండాపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఏడాది పనిచేశాను. చేరింది ఒక మంగళవారం. ముసురు. మంచాలన్నీ నిండాయి. నడవాలో స్ట్రెచర్లు, గోడవారగా చక్రాల కుర్చీల్లో సెలైన్లు. సరిహద్దు ఆసుపత్రిలోనూ ఇంత ఇరుకు చూడలేదు.

"ఇంతమంది ఒక్కసారే వచ్చారా?" అన్నాను.

"వచ్చుడు రోజు ఉండేదే మేడం, పోవుడే లేదు," అంది అక్కడి నర్సు. "వీళ్ళల్ల సగం మందికి వార్డు రాసి నిన్నటి సంది గిట్లనే ఉన్నరు. పైన మంచం ఖాళీ అయితేనే కద!"

పొద్దున పదకొండుకు నర్సు చేతిలో వాకీటాకీ మోగింది. "గేటు. అంబులెన్స్ వచ్చింది. తెల్లాపూర్ మేస్త్రీ, బాగా ఆయాసం. జాగా ఉందా?"

"లేదు. జర ఆగు," అంది నర్సు.

డాక్టరు అంబులెన్స్‌లోకే ఎక్కి చూశారు. అందులోని ఆక్సిజన్ సిలిండర్ ముల్లు ఎర్రగీత మీదుంది. లోపల ఆక్సిజన్ ఉన్న చోటల్లా ఒక రోగి. "ఒక్కర్ని పైకి పంపినా ఈయన దక్కుతాడు, వెళ్ళి చూడండి," అన్నారు నాతో.

అయిదో అంతస్తులోని వార్డుకు పరిగెత్తాను. మొదటి గదిలో ఒకాయన తల దువ్వుకుని, వాచీ పెట్టుకుని ఇడ్లీ తింటున్నాడు. నిన్ననే డిశ్చార్జి అయింది. సంచులు సర్ది ఉన్నాయి.

"మంగళవారం కదండీ," అంది తల్లి. "జబ్బుపడి లేచినవాణ్ణి ఇవాళ గడప దాటిస్తామా? రేపు పొద్దున్నే వెళ్ళిపోతాం."

పక్క గదిలోనూ అదే మాట. ఆ పక్కనా అంతే.

నేనూ మంగళవారాలు ఆంజనేయుడికి ఒంటిపూట ఉండేదాన్నే. అయినా మొదటి గదికి తిరిగొచ్చి ఆ తల్లి చేతులు పట్టుకున్నాను. "అమ్మా, కింద ఒకాయనకి ఊపిరి అందటం లేదు. ఈ మంచం కోసమే ఆగాడు."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "చెప్పులేసుకోరా. మంగళవారం సంగతి దేవుడితో నేను మాట్లాడుకుంటాను."

నడవాలోని రోగి ఆ గదికి వెళ్ళాడు. మేస్త్రీని దింపుకున్నాం. బతికాడు. దేవుడికీ ఆ తల్లికీ ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. తక్కిన గదులు మాత్రం బుధవారం దాకా కదల్లేదు.

ఏడాది నిండాక ఇంటికొచ్చేశాను. ఒక్క దృశ్యం మాత్రం నాతోనే వచ్చింది. ఆ రోజు నేను కిందికి దిగేసరికి సిలిండర్ అయిపోయింది. అంబులెన్స్‌లో నర్సు చేత్తో గాలి సంచి నొక్కుతోంది. పక్కన మేస్త్రీ భార్య, తడిసిన కొంగుతో, ఆపకుండా భర్త ముఖానికి విసురుతోంది.