బంతి ముందు నుంచే వస్తుంది

ముక్కు విరిగితే ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడవుతుంది. పక్కవాళ్ళకి వినబడదు, మనకే వినబడుతుంది. నాకు రెండుసార్లు వినబడింది. మొదటిసారి గుంటూరులో కాలేజీ గ్రౌండులో, రెండోసారి కతర్‌లో, దుఖాన్ కంపెనీ క్లబ్బు హాల్లో. రెండుసార్లూ రక్తం చొక్కా చేతికి తుడుచుకుని ఆట పూర్తిచేశాను. హ్యాండ్‌బాల్ అంటే అంతే మరి. బంతిని చేత్తో విసిరి గోల్ చెయ్యాలి, అడ్డం వచ్చేవాళ్ళు ఛాతీతో, భుజంతో, రిఫరీ చూడకపోతే మోచేత్తో కూడా ఆపుతారు. నాకు ఆ గుద్దులాట ఇష్టం. పెళ్ళిచూపుల్లో వీణ వచ్చా అని అడిగితే, రాదండీ, గుద్దడం వచ్చు అన్నాను. ఎదురుగా కూర్చున్నాయన పడీ పడీ నవ్వాడు. అందుకే చేసుకున్నాను.

కువైట్ యుద్ధం ముగిసిన రెండేళ్ళకి ఆయనకి దుఖాన్‌లో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ ఇసుక, ఆ ఇసుకలో మండుతూ ఉండే గ్యాస్ మంటలు, మధ్యలో వరసగా కంపెనీ ఇళ్ళు. మొదటి మూడు నెలలు నాకు పిచ్చెక్కింది. తర్వాత తెలిసింది, ఆదివారం, మంగళవారం సాయంత్రం రెండు గంటలపాటు క్లబ్బు హాలు ఆడవాళ్ళకే ఇస్తారని. ఆ సమయంలో మగపురుగు లోపలికి రాకూడదు. అద్దాలకి కాగితాలు అంటించి, తలుపు లోపల గడియ పెట్టేవాళ్ళు.

లోపల హ్యాండ్‌బాల్! నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. ట్యునీషియా, అల్జీరియా, ఈజిప్టు ఆడవాళ్ళు. బయట నల్లటి అబాయాల్లో వచ్చేవాళ్ళు, లోపల అవి విప్పి మేకులకి తగిలించి ఒకళ్ళనొకళ్ళు చితక్కొట్టుకునేవాళ్ళు. వాళ్ళ కెప్టెన్ ట్యునీషియా ఆవిడ, కంపెనీ ఆసుపత్రిలో నర్సు. తలుపంత మనిషి. నేను మొదటిరోజు ఆవిణ్ణి దాటి వెళ్ళబోతే ఛాతీతో ఒక్క తోపు తోసింది, గోడకి తగిలి కిందపడ్డాను. లేచి, మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ తోసింది. మూడోసారి గోల్ కొట్టాను. ఆవిడ నా వీపు మీద చరిచి "యల్లా!" అంది, పద పద అని. ఆ చరుపు కూడా నొప్పే. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో.

చిక్కంతా బయట వచ్చింది. దుఖాన్‌లో మన తెలుగు కుటుంబాలు ఏడెనిమిది ఉండేవి. శుక్రవారాలు ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్ళం. ఒక శుక్రవారం నా కన్ను వంకాయ రంగులో ఉంది, ఇంకో శుక్రవారం పెదవి చిట్లి ఉంది. ఆటలో తగిలిందని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. పెళ్ళయిన ఆడది, ఇంజనీరు భార్య, పరదేశంలో బంతాట ఆడి కన్ను వాపు తెచ్చుకుందంటే ఎవరు నమ్ముతారు? ముక్కు విరిగిన వారం ఒక పెద్దావిడ గోంగూర పచ్చడి సీసా తెచ్చి నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "సర్దుకుపోవాలమ్మా. మగాళ్ళకి ఇక్కడ డ్యూటీ టెన్షన్లు ఎక్కువ" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంట్లో మా ఆయన ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి నా ముక్కు మీద పెడుతూ, "నన్ను చూసి మగాళ్ళందరూ మొహం తిప్పుకుంటున్నారే. బొద్దింకని కూడా చంపలేనివాణ్ణి, నాకేంటీ కర్మ!" అని వాపోయేవాడు.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం మా వెనక వరసలో ఉండే అమ్మాయి వచ్చింది. కరీంనగర్ పిల్ల. డిగ్రీ చదివింది. భర్తకి అదే కంపెనీలో అకౌంట్స్‌లో ఉద్యోగం. అతను మాటకి ముందు నవ్వు వచ్చే మనిషి, ఊళ్ళో అందరికీ తలలో నాలుక, శుక్రవారం ఎవరింట్లో భోజనాలైనా గరిటె పట్టుకుని వడ్డించేది అతనే. ఆ పిల్లకి పెళ్ళయి రెండేళ్ళు. శుక్రవారాల్లో మూల కూర్చుని నవ్వేది తప్ప పలికేది కాదు. ఆరోజు సోఫా అంచున కూర్చుంది, టీ ముట్టుకోలేదు. నా ముక్కు మీది పట్టీని చాలాసేపు చూసింది.

"అక్కా, మీ ఆయన దేంతోని కొడ్తడు?" అంది.

నేను పకాలున నవ్వబోయి ఆ మొహం చూసి ఆగిపోయాను.

"మా ఆయన బెల్టుతోని కొడ్తడు," అంది. లేచి అటు తిరిగి జాకెట్టు కింద అంచు కొంచెం పైకి లాగింది. నేను హాల్లో ఎన్నో దెబ్బలు చూశాను, తిన్నాను. ఆ వీపులాంటిది చూడలేదు. పాతవి పసుపు రంగుకి తిరిగి, వాటి మీద కొత్తవి ఎర్రగా, బకిల్ తగిలిన చోట చర్మం లేచిపోయి. అన్నీ వీపు మీదే.

నా ఒళ్ళు మండిపోయింది. "పద, ఇప్పుడే! వాడి పళ్ళు రాలగొడతాను," అని లేచాను. నిజంగానే లేచాను, చెప్పుల కోసం వెతికాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కొట్టి నీ ఇంటికి పోతవ్ అక్కా. నేను మా ఇంటికే పోవాలె గద."

కూర్చున్నాను. నా కోపానికి ఆ మాటతో కాళ్ళు విరిగాయి. ఆ పిల్ల పాస్‌పోర్టు అతని సూట్‌కేసులో ఉంది. ఫోనుకి తాళం. ఆ దేశం దాటాలంటే అతని సంతకం కావాలి. హైదరాబాదులో అన్న ఉన్నాడు, కానీ ఫోన్లో మాట్లాడేటప్పుడు భర్త పక్కనే నిలబడేవాడు. "దుబాయ్‌ల నా చెల్లె మహారాణి లెక్క ఉన్నది" అని ఆ అన్న వాళ్ళ ఊరంతా చెప్పుకునేవాడట, వాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే. నన్ను కూడా మా ఆయన కొడతాడనుకుని ధైర్యం చేసి వచ్చింది. కాదని తెలిశాక సిగ్గుతో తల దించుకుంది. నా మొహం మీద దెబ్బ ఆటలోది అయినందుకు నాకు మొదటిసారి తప్పు చేసినట్టనిపించింది.

"హాలుకి రా," అన్నాను. ఇంకేం చెప్పాలో తోచక అన్నాను. కనీసం వారానికి నాలుగు గంటలు ఆ ఇంటికి దూరంగా ఉంటుంది కదా. భర్త ఒప్పుకోడనుకున్నాం. కానీ మేనేజరు భార్య కూడా ఆ హాలుకి వస్తుందని తెలియగానే అతను తనే వెళ్ళి తెల్ల బూట్లు కొనుక్కొచ్చాడు.

ఆ పిల్లకి పరుగెత్తడం రాదు, విసరడం రాదు. అందుకని కెప్టెన్ గోల్‌లో నిలబెట్టింది. గోల్‌కీపర్ పని ఒక్కటే, బంతి వస్తుంటే కదలకుండా, కళ్ళు మూసుకోకుండా, చేతులూ కాళ్ళూ విప్పి ఎదురు నిలబడటం. మొదటి బంతి నేనే వేశాను, మెల్లగా. ఆ పిల్ల గిర్రున వెనక్కి తిరిగి, తల భుజాల్లోకి లాక్కుని, రెండు చేతులూ మెడ మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. బంతి వీపు మీద తగిలింది. కిక్కురుమనలేదు. ఇంకో బంతి. అదీ వీపు మీదే.

మిగతావాళ్ళు ఆట ఆపేశారు. బెల్టు దెబ్బకి ఆ పిల్ల శరీరం ఎట్లా తిరిగేదో మా అందరి ముందూ అట్లాగే తిరిగింది. కెప్టెన్ నర్సు కదా, ఆమెకి చెప్పక్కర్లేకపోయింది. దగ్గరికి వెళ్ళి, భుజాలు పట్టి ఇటు తిప్పి, తన పెద్ద అరచేతులు ఆ పిల్ల అరచేతులకి ఆనించి, "మాఫీ ఖౌఫ్," అంది. భయం లేదు అని. బంతి ముందు నుంచే వస్తుంది, వెనక నుంచి రాదు, చూస్తే ఆపగలవు అని సైగలతో, సగం ఇంగ్లీషుతో చెప్పింది. తర్వాత గట్టిగా బంతులు వేసింది. దయ చూపించలేదు. తొడల మీద, పొట్ట మీద, ముంజేతుల మీద. తిరిగిన ప్రతిసారీ "మాఫీ ఖౌఫ్!" అని అరిచేది.

రెండు నెలలకి ఆ పిల్ల తిరగడం మానేసింది. ఒక మంగళవారం నేను ఎగిరి ఉన్న బలమంతా పెట్టి కొట్టిన బంతిని ముంజేత్తో కొట్టి అవతలికి పంపింది. పంపి నవ్వింది, పళ్ళన్నీ కనబడేలా. "అక్కా, నీ బంతి గింతేనా?" అంది. నేను తిట్టి, మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఆపింది. ఆ సంతోషం నాకిప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

కానీ ఇంట్లో వీపు తిప్పడం కూడా మానేసింది. అది మేమెవరం ఆలోచించలేదు. వీపు మీద పడే దెబ్బలు మొహం మీదికి వచ్చాయి. పైగా వాడికిప్పుడు సాకు దొరికింది. శుక్రవారం భోజనాల దగ్గర గరిటె ఊపుతూ, "చూడండి, హ్యాండ్‌బాల్ అంట! మొహం పచ్చడి చేసుకొస్తుంది. నేను చెబితే వినదు," అని నవ్వేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నా దెబ్బలు బంతివి అంటే నమ్మనివాళ్ళు, ఆ పిల్ల దెబ్బలు బంతివంటే నమ్మారు! నేను కంచం నేలకేసి కొట్టాను ఒకరోజు. మా ఆయన నన్ను బయటికి తీసుకెళ్ళాడు. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అనుకున్నారు.

రంజాన్ వచ్చింది. ఆ నెలంతా ఆడవాళ్ళ ఆట ఆపేసి హాలుకి తాళం వేశారు. ఈ సంగతి ఆ పిల్ల ఇంట్లో చెప్పలేదు. ఆదివారం, మంగళవారం ఎప్పట్లాగే బూట్ల సంచీ తగిలించుకుని మా ఇంటికి వచ్చేది. వచ్చి దివాను మీద పడుకునేది, తల ఆనగానే నిద్ర. నేను ఫ్యాను తగ్గించి, చప్పుడు కాకుండా వంట చేసుకునేదాన్ని. వెళ్ళేముందు మొహం కడుక్కుని జుట్టు కొంచెం చెరుపుకునేది, ఆడి వచ్చినట్టు.

ఒక బుధవారం పొద్దున్నే మా బెల్లు మోగింది. వాకిట్లో అతను, అదే నవ్వు. "నమస్తే అండీ. నిన్న మీ ఆటలో మా ఆవిడ చెయ్యి విరిగినట్టుంది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. ఒకసారి మీరూ రండి, ఆటలో తగిలిందని మీరు చెబితే బాగుంటుంది."

వెనక కారులో ఆ పిల్ల ఎడమ ముంజెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి ఉండాల్సిన ఆకారంలో లేదు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకోకుండానే వెళ్ళి పక్కన కూర్చున్నాను. దారిలో చెవిలో చెప్పింది, పరదా వేసే ఇనపరాడ్డుతో మొహం మీద కొట్టబోయాడని. "చెయ్యి అడ్డం పెట్టిన అక్కా. తిరగలే." ముందు సీట్లో అతను రేడియో పెట్టుకుని వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

దెబ్బలు చూసే గదిలో మా కెప్టెన్ ఉంది. తెల్ల కోటు, తలకి గుడ్డ, ఉపవాసంతో ఎండిన పెదవులు. ఆమె ఎవరో అతనికేం తెలుసు? మగవాడు ఆ హాల్లోకి తొంగి చూసింది ఎప్పుడు? కుర్చీ లాక్కుని కూర్చుని ఇంగ్లీషులో సావకాశంగా చెప్పాడు. నిన్న సాయంత్రం క్లబ్బు హాల్లో, హ్యాండ్‌బాల్ ఆడుతూ, గోల్ దగ్గర పడిందని. "కావాలంటే ఈవిణ్ణి అడగండి, ఈవిడే కొట్టింది," అని నా వైపు చూసి నవ్వాడు.

నేను నోరు తెరవబోయాను. కెప్టెన్ అరచెయ్యి ఎత్తి నన్ను ఆపింది, ఆటలో ఆపినట్టే. ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. విరిగిన చేతిని కింద నుంచి మెల్లగా పట్టుకుంది.

"బాల్?" అని అడిగింది.

ఆ పిల్ల అతని వైపు చూడలేదు. "బాల్ మాఫీ," అంది. బంతి కాదు అని. తర్వాత మంచి చేత్తో అతన్ని చూపించి, తెలుగులో, గదిలో ఉన్న అందరికీ వినబడేటట్టు చెప్పింది: "గీయన కొట్టిండు. రెండేళ్ల సంది కొడ్తుండు."

అతని నవ్వు అట్లాగే ఉంది, చెయ్యి మాత్రం లేచింది. నర్సుల ముందు, నా ముందు. ఆ పిల్ల తిరగలేదు. కళ్ళు మూసుకోలేదు. ఆ చెయ్యి దిగేలోపే కెప్టెన్ లేచి మధ్యలోకి వచ్చింది, నేను ఆమె భుజానికి భుజం ఆనించాను. ఎన్ని వందలసార్లు చేసుంటాం ఆ పని, గోల్ ముందు గీత మీద. అతను కుర్చీలోంచి లేచి ఊపుగా వచ్చి మాకు తగిలాడు. కెప్టెన్ ఛాతీతో ఒక్క తోపు తోసింది. వెనకున్న కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు, తల గోడకి ఠపీమని తగిలింది. నేను ఇంకోటి తగిలించాను, మోచేత్తో. చూసే రిఫరీ లేడు.

చేతికి కట్టు కట్టాక కెప్టెన్ ఆ పిల్లని నర్సుల క్వార్టర్స్‌లో తన గదికి తీసుకెళ్ళింది, మళ్ళీ ఆ ఇంటికి పంపలేదు. డాక్టరు కంపెనీకి చెప్పాడు, కంపెనీ వాళ్ళు అతన్ని పిలిచి పాస్‌పోర్టు ఇప్పించి, దేశం దాటే కాగితం మీద సంతకం పెట్టించారు. మా ఇంటి ఫోను నుంచి అన్నతో మాట్లాడింది, పక్కన ఎవరూ నిలబడలేదు. అన్న "ఇంటికి రా బిడ్డా" అన్నాడట. విమానాశ్రయానికి మేమే తీసుకెళ్ళాం. తెల్ల బూట్లు వేసుకునే వెళ్ళింది.

పండగ అయ్యాక హాలు తెరిచారు. గోల్ ఖాళీగా ఉంది. కెప్టెన్ నన్ను నిలబడమంది. నాకేం భయం, రెండుసార్లు ముక్కు విరగ్గొట్టుకున్నదాన్ని. గోల్‌లో నిలబడటం అదే మొదటిసారి, వెళ్ళి చేతులు చాచి నిలబడ్డాను. కెప్టెన్ గీత దగ్గర నుంచి ఎగిరి బంతి వేసింది.

నేను గిర్రున తిరిగిపోయాను. బంతి వచ్చి వీపు మీద తగిలింది.